నెయ్యి, తేనె, గాజుముక్క: అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా ఒక అంకె కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక అంకె గురించి. 40 నుంచి 43. మన ఆంధ్రప్రదేశ్ ఉమ్మడిగా ఉన్న రోజుల్లో నెయ్యి అసలుదా, కల్తీదా అని ప్రభుత్వ ల్యాబ్‌లు చూసే కొలతల్లో ఇదొకటి. రీడింగ్ 42 వస్తే ఆ పరీక్ష పాస్. 45 వస్తే ఫెయిల్. ఫెయిలైతే దుకాణం ఆయన కోర్టు మెట్లు ఎక్కాల్సిందే. ఒక మనిషి పరువు, కొన్నిసార్లు అతని ఆరు నెలల జీవితం, ఆ మూడు అంకెల సందులో ఇరుక్కుని ఉండేది.

ఇంతకీ ఆ అంకెను కొలిచేది ఏంటి? వెలుగు. కరిగించిన నెయ్యి చుక్కలోంచి పోయేటప్పుడు వెలుగు ఎంత వంగుతుందో చూసి చెప్తారు. ఇవాళ మన ఫార్మా కంపెనీల ల్యాబ్‌లలో లిక్విడ్ క్రొమటోగ్రఫీ మెషిన్ చివర రిఫ్రాక్టివ్ ఇండెక్స్ డిటెక్టర్ అని ఒక డబ్బా ఉంటుంది. అది కూడా ఇదే పని చేస్తుంది. మరి పాత పరికరానికీ కొత్త డబ్బాకీ తేడా ఏంటి? ఆ డబ్బాల్లో కూడా రకాలున్నాయి కదా, ఏది దేనికి మంచిది? అబిడ్స్ జీపీఓ దగ్గర మొదలుపెట్టి నాంపల్లి మీదుగా రెడ్‌హిల్స్ దాకా నడుస్తూ మాట్లాడుకుందాం. దారిలో నాలుగు చోట్ల ఆగుదాం.

మొదటి స్టాప్ అబిడ్స్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియన్ ఇక్కడ పెట్టిన దుకాణం వల్లే ఈ పేరొచ్చిందని మీకు తెలిసే ఉంటుంది. చాలామందికి తెలియంది ఇంకోటుంది. ఉస్మానియా యూనివర్సిటీ క్లాసులు 1919లో మొదలైంది ఇప్పటి క్యాంపస్‌లో కాదు. ఇక్కడికి దగ్గర్లోనే, నిజాం కాలేజీ పక్కన గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని అద్దె ఇళ్లలో. పాఠాలు ఉర్దూలో. సైన్స్ పుస్తకాలను ఉర్దూలోకి తేవడానికి 1917లోనే ఒక అనువాద సంస్థ పెట్టారు, దారుల్ తర్జుమా. వెలుగు వంగడాన్ని తెలుగులో వక్రీభవనం అంటాం, ఉర్దూలో ఇన్ఇతాఫ్ అంటారు. భాష ఏదైనా విషయం ఒకటే. గ్లాసు నీళ్లలో చెంచా పెడితే విరిగినట్టు కనిపిస్తుంది చూడండి, అదే.

ఖాళీలో కంటే నీళ్లలో వెలుగు నెమ్మదిగా పోతుంది. ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకే వక్రీభవన గుణకం. 20 డిగ్రీల దగ్గర నీళ్లకు అది 1.333. అదే నీళ్లలో నూటికి పది పాళ్లు చక్కెర కలిపితే సుమారు 1.348 అవుతుంది. అంటే కంటికి కనపడని చక్కెర ఈ అంకెలో కనపడుతోంది. మొత్తం కథకు పునాది ఈ చిన్న తేడానే.

దీన్ని ఒక చుక్కతో, నిమిషంలో కొలిచే పరికరాన్ని 1869లో జర్మనీలోని యేనాలో ఎర్న్‌స్ట్ అబ్బే తయారుచేశారు. జైస్ కంపెనీ వాళ్ల అబ్బే రిఫ్రాక్టోమీటర్ అంటే ఇదే. ఇంటర్ కాలేజీ ల్యాబ్ నుంచి చక్కెర ఫ్యాక్టరీ దాకా ఇప్పటికీ దాని వారసులే. 19వ శతాబ్దం చివర్లో యూరప్‌లో వెన్నలో మార్జరిన్ కలిపి అమ్మడం పెద్ద తలనొప్పి అయింది. అప్పుడు జైస్ వాళ్లు వెన్న కోసమే ఒక ప్రత్యేక పరికరం తెచ్చారు, బ్యుటైరో రిఫ్రాక్టోమీటర్. 1.45 లాంటి దశాంశాలతో ఇబ్బంది పడకుండా, 0 నుంచి 100 దాకా సులువైన స్కేలు పెట్టారు. మన 40, 43 ఈ స్కేలు మీది అంకెలే. మామూలు లెక్కలో చెప్పాలంటే సుమారు 1.452 నుంచి 1.455. తేడా ఎంత సన్నగా ఉందో గమనించారా?

పదండి, ఇప్పుడు మొజంజాహీ మార్కెట్ దాకా నడుద్దాం. 1935లో కట్టిన రాతి మార్కెట్ ఇది. ఐస్‌క్రీమ్ కోసం వచ్చేవాళ్లు ఎక్కువగానీ, మనం వచ్చింది నెయ్యి గురించి. ఆహార కల్తీ నిరోధక చట్టం 1954లో వచ్చింది, 1955 జూన్ 1 నుంచి అమలైంది. ఇన్‌స్పెక్టర్ దుకాణానికి వచ్చి శాంపిల్ కొని మూడు భాగాలు చేసి సీలు వేసేవాడు. ఒకటి పబ్లిక్ అనలిస్ట్‌కు పోయేది. మిగతావి భద్రంగా ఉంచేవాళ్లు. అనలిస్ట్ రిపోర్టు తప్పని నిందితుడు అనుకుంటే సెంట్రల్ ల్యాబ్‌కు పంపమని కోర్టును అడగొచ్చు. నిర్దేశించిన అంకెల్లో లేకపోతే చట్టం దృష్టిలో అది కల్తీనే. తర్వాతి సవరణలతో చాలా కేసుల్లో కనీస శిక్ష ఆరు నెలల జైలు అయింది.

ఆ చట్టం రూల్స్‌లో ఉన్న బీఆర్ రీడింగ్‌లు కొన్ని చెప్తాను. అన్నీ 40 డిగ్రీల దగ్గర తీసినవి. కొబ్బరి నూనె 34 నుంచి 35.5. వేరుశనగ నూనె 54 నుంచి 57.1. నువ్వుల నూనె 58 నుంచి 61. వనస్పతి, అంటే మనం డాల్డా అని పిలిచేది, 48కి తగ్గకూడదు. మన నెయ్యి 40 నుంచి 43. ఇప్పుడు ఆలోచించండి. నెయ్యిలో పల్లీ నూనె కలిపితే అంకె పైకి పోతుంది, దొరికిపోతాడు. డాల్డా కలిపినా అంతే. ఎంత బాగుంది కదా?

బాగుంది. కానీ దీనికి మూడు చిల్లులున్నాయి.

మొదటిది వేడి. ఒక్క డిగ్రీ పెరిగితే కొవ్వుల బీఆర్ రీడింగ్ సుమారు 0.55 తగ్గుతుంది. ఐదు డిగ్రీలు అటూఇటూ అయితే 2.75. మన నెయ్యికి ఇచ్చిన మొత్తం వెడల్పే 3 కదా! అంటే థర్మామీటర్ సరిగా లేకపోయినా, వేడినీళ్ల ప్రవాహం ఆగి దిద్దుబాటు చేయడం మరిచినా, మంచి నెయ్యి ఫెయిల్ అవ్వొచ్చు, చెడ్డ నెయ్యి పాస్ అవ్వొచ్చు.

రెండోది గేదె మేత. పత్తి గింజలు ఎక్కువ తిన్న పశువుల నెయ్యిలో కొవ్వు స్వభావమే మారుతుంది. అందుకే కొన్ని పత్తి ప్రాంతాలకు అదే చట్టం 41.5 నుంచి 45 అని వేరే అంకెలు ఇచ్చింది. ఇప్పుడు అలాంటి ఊరి నుంచి 44 రీడింగ్ ఉన్న స్వచ్ఛమైన నెయ్యి తెచ్చి హైదరాబాద్‌లో అమ్మితే? అక్కడ అసలుది, ఇక్కడ కల్తీది. నెయ్యి మారలేదు, గీత మారింది.

మూడోది అన్నిటికంటే ఘోరం. కొబ్బరి నూనె 35. డాల్డా 49 అనుకుందాం. రెండూ సగం సగం కలపండి. ఎంతొస్తుంది? సుమారు 42. డబ్బాలో ఒక్క చుక్క నెయ్యి కూడా లేదు, రీడింగ్ మాత్రం అచ్చం నెయ్యి! అంటే ఈ ఒక్క అంకెనే నమ్ముకుంటే నిజాయితీగా అమ్మినవాడు ఇరుక్కోవచ్చు, తెలివైన మోసగాడు తప్పించుకోవచ్చు.

అప్పటి అనలిస్ట్‌లకు ఇది తెలియదా అంటే, బాగా తెలుసు. అందుకే ఒక్క పరీక్షతో ఆగేవాళ్లు కాదు. నెయ్యిలో మాత్రమే ఎక్కువగా ఉండే చిన్న ఆమ్లాలను కొలిచే రైకర్ట్ మైసల్ విలువ అని ఇంకోటి చూసేవాళ్లు. వనస్పతి తయారీదారులు నూటికి ఐదు పాళ్లు నువ్వుల నూనె కలపాల్సిందేనని ప్రభుత్వం రూలు పెట్టింది. ఎందుకో తెలుసా? బాడ్విన్ పరీక్షలో నువ్వుల నూనె ఎర్రగా రంగు తిరుగుతుంది. డాల్డా నెయ్యిలోకి దూరితే దాంతోపాటు ఆ రంగు కూడా దూరుతుంది. అంటే కల్తీకి ముందే పోలీసు మార్కు వేసి పెట్టారన్నమాట.

అసలు సమస్య పరికరంలో లేదు, మనం అడిగిన ప్రశ్నలో ఉంది. రిఫ్రాక్టోమీటర్ గిన్నెలో ఉన్నదాన్నంతా కలిపి ఒక సగటు చెప్తుంది. క్లాసు సగటు మార్కులు 60 అంటే అందరికీ 60 వచ్చినట్టు కాదు కదా. ఎవరికి ఎంతొచ్చిందో తెలియాలంటే ఒక్కొక్కరినీ విడిగా పిలవాలి. ఆ విడిగా పిలిచే పద్ధతే క్రొమటోగ్రఫీ.

మన మూడో స్టాప్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్. నుమాయిష్ 1938లో ఉస్మానియా పట్టభద్రుల ఆధ్వర్యంలో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది. ఇక్కడి సరుకును ఇక్కడివాళ్లకు చూపించాలనేది ఆలోచన. 1946లో ఈ మైదానానికి మారింది. ఏటా సాధారణంగా జనవరి 1న మొదలవుతుంది. ఇలాంటి చోట ఒక తేనె సీసా కొన్నారనుకోండి. అది తేనేనా, చక్కెర పాకమా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే కాసేపు ప్రపంచమంతా తిరిగి రావాలి.

1903లో వార్సాలో మిఖాయిల్ త్స్వెత్ అనే రష్యన్ వృక్షశాస్త్రవేత్త ఒక గాజు గొట్టంలో సుద్దపొడి లాంటిది నింపి, పైనుంచి ఆకు రసం పోసే పద్ధతి గురించి ప్రసంగించారు. రసంలోని ఆకుపచ్చ, పసుపు రంగులు వేర్వేరు వేగాలతో కిందికి దిగి, పట్టీలుగా విడిపోయాయి. 1906లో దీనికి క్రొమటోగ్రఫీ అని పేరుపెట్టారు. ఇక్కడ డిటెక్టర్ ఏంటి? మనిషి కన్ను. రంగు ఉంది కాబట్టి కనపడింది.

మరి చక్కెరకు రంగు లేదే? కొవ్వుకూ పెద్దగా లేదు. గొట్టం చివర వాటిని ఎలా చూడాలి? స్వీడన్‌లో ఆర్నె టిసేలియస్, స్టిగ్ క్లాసన్ 1942లో దీనికి దారి చూపించారు. గొట్టంలోంచి బయటికొచ్చే ద్రవం వక్రీభవన గుణకాన్ని వస్తుండగానే కొలిచారు. ఏదైనా పదార్థం వస్తే అంకె కదులుతుంది, వెళ్లిపోతే మళ్లీ మామూలుకొస్తుంది. టిసేలియస్‌కు 1948లో నోబెల్ వచ్చింది.

దీన్ని అందరూ కొనగలిగే డబ్బాగా మార్చినవాళ్లలో ముఖ్యుడు అమెరికాకు చెందిన జిమ్ వాటర్స్. 1958లో వాటర్స్ అసోసియేట్స్ పెట్టారు. 1960ల్లో ప్లాస్టిక్ అణువులను సైజు వారీగా విడదీసే మెషిన్లు అమ్మారు, వాటి చివర ఉన్న కన్ను ఈ డిఫరెన్షియల్ రిఫ్రాక్టోమీటరే. హార్వర్డ్‌లో వుడ్‌వర్డ్ బృందం విటమిన్ బీ12ను కృత్రిమంగా తయారు చేసే పనిలో ఉండి, అచ్చం కవలల్లా ఉన్న పదార్థాలను విడదీయలేక ఆగిపోయింది. అప్పుడు వాటర్స్ స్వయంగా మెషిన్ తీసుకుని అక్కడికి వెళ్లి కూర్చుని విడదీయించారు. బీ12 పని 1972లో పూర్తయింది. లిక్విడ్ క్రొమటోగ్రఫీ మీద రసాయన శాస్త్రవేత్తలకు గురి కుదిరింది అలాంటి పనులతోనే.

ఇక అసలు పోలికకు వద్దాం. ఇంటర్వ్యూకు వెళ్లే ఫార్మసీ, కెమిస్ట్రీ పిల్లలు ఇది జాగ్రత్తగా వినండి.

ఇప్పుడు ఎక్కువగా దొరికేది డిఫ్లెక్షన్ రకం. ఒక చిన్న గాజు గదిని ఏటవాలు గోడతో రెండు చేస్తారు. ఒకవైపు శుద్ధమైన ద్రావణి, రెండోవైపు కాలమ్ నుంచి వచ్చే ద్రవం. రెండూ ఒకేలా ఉంటే వెలుగు తన చోటికే పోతుంది. తేడా వస్తే పక్కకు జరుగుతుంది. ఎంత జరిగిందో సెన్సర్ చెప్తుంది. ఒకే గది దాదాపు అన్ని ద్రావణులకు సరిపోతుంది, కాస్త మురికినీ ఓర్చుకుంటుంది. రోజువారీ పనికి ఇదే దిట్ట.

రెండోది ఫ్రెనెల్ రకం. గాజుకూ ద్రవానికీ మధ్య ఉన్న ఉపరితలం మీద వెలుగు ఎంత ప్రతిఫలిస్తుందో చూస్తుంది. గది చాలా చిన్నగా ఉంటుంది కాబట్టి విడిపోయిన పదార్థాలు మళ్లీ కలిసిపోవు. కానీ అంతా ఉపరితలం మీదే ఆధారపడింది కదా, దాని మీద సన్నని పొర పేరుకున్నా లెక్క చెడుతుంది. ద్రావణిని బట్టి ప్రిజం మార్చాల్సి రావొచ్చు.

మూడోది ఇంటర్‌ఫెరోమీటర్ రకం. వెలుగును రెండుగా చీల్చి, రెండు దారుల్లో పంపి, మళ్లీ కలిపి, అలలు ఎంత ముందూవెనకా అయ్యాయో చూస్తుంది. అన్నిటికంటే సున్నితమైంది. ఖరీదు ఎక్కువ, మర్యాదగా చూసుకోవాలి.

మూడింటికీ ఉమ్మడి శత్రువు ఒకటే, వేడి. సేంద్రియ ద్రావణుల గుణకం సాధారణంగా డిగ్రీకి సుమారు 0.0004 మారుతుంది. ఈ డిటెక్టర్లు చూడాల్సిన తేడాలు దానికంటే వేల రెట్లు చిన్నవి. ఏసీ గాలి నేరుగా తగిలినా గీత పాములా ఊగుతుంది. అందుకే గదిని 35, 40 డిగ్రీల లాంటి స్థిరమైన వేడి దగ్గర ఉంచుతారు, గంటల తరబడి కుదురుకోనిస్తారు. పక్కనే శుద్ధ ద్రావణి ఉన్న రెండో గదికి కూడా అదే పని. వేడి మారితే రెండూ కలిసే మారతాయి, కాబట్టి తేడా చాలావరకు కొట్టుకుపోతుంది. నెయ్యి దగ్గర చూసిన మొదటి చిల్లును పూడ్చింది ఈ ఉపాయమే. అందుకే బ్రోషర్లో సెన్సిటివిటీ అంకె ఒక్కటే చూసి మురిసిపోవద్దు. గీత ఎంత నిలకడగా ఉంటుందో అడగండి.

ఇంకో పరిమితి. పరుగు మధ్యలో ద్రావణి పాళ్లు మారుస్తూ పోయే గ్రేడియెంట్ పద్ధతికి ఇది పనికిరాదు, ఎందుకంటే ద్రావణి మారడమే పెద్ద సిగ్నల్ అయి కూర్చుంటుంది. అప్పుడు ద్రావణిని ఆవిరి చేసి మిగిలిన రేణువుల మీద వెలుగు చెదరడాన్ని చూసే ఈఎల్ఎస్డీ వాడతారు. అయితే ఆవిరైపోయే పదార్థాలు దాంట్లో కనపడవు. యూవీ డిటెక్టర్ చాలా సున్నితం, కానీ చక్కెరలు దానికి దాదాపు కనపడవు. ఎవరి కన్ను వాళ్లది.

ఇప్పుడు మన తేనె సీసా. చేతిలో పట్టుకునే రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తే నీటి శాతం తెలుస్తుంది. మన ప్రమాణాల్లో అది 20కి మించకూడదు. కానీ చిక్కటి చక్కెర పాకం కూడా అదే రీడింగ్ ఇస్తుంది. నెయ్యి కథే మళ్లీ. అదే కాలమ్‌లో పోసి విడదీస్తే ఫ్రక్టోజ్ ఒక శిఖరం, గ్లూకోజ్ ఒకటి, మామూలు చక్కెర ఒకటి. మామూలు తేనెలో చివరిది నూటికి 5కు మించకూడదు. రెండు పరికరాలూ కొలిచేది ఒకే భౌతిక గుణాన్ని. మధ్యలో విడదీయడం వచ్చి చేరింది, అంతే. ఆలివ్ నూనెలో వేరే నూనె కలిపారా అని యూరప్ వాళ్లు కొవ్వు అణువులను విడదీసి చూసే అధికారిక పద్ధతిలో కూడా ఈ కన్నే ఉంది. మన నెయ్యికి ఇప్పుడు గ్యాస్ క్రొమటోగ్రఫీ తోడొచ్చింది. పాత బీఆర్ రీడింగ్ కూడా ఇంకా ఉద్యోగంలోనే ఉంది.

అంతమాత్రాన తేనె కేసు ముగిసిందా? లేదు. తేనెలోని పాళ్లకు సరిపోయేలా పాకం తయారుచేస్తే ఈ శిఖరాలు కూడా మోసపోతాయి. అప్పుడు కార్బన్ ఐసోటోపుల పరీక్షల దాకా వెళ్లాలి. దొంగా పోలీసు ఆట ఆగదు.

చివరి స్టాప్. నాంపల్లి స్టేషన్, పబ్లిక్ గార్డెన్స్ దాటి రెడ్‌హిల్స్. ఇక్కడ రాష్ట్ర ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబ్ ఉంది. ఫోరెన్సిక్ శాస్త్రంలో వక్రీభవన గుణకానికి పాత స్నేహితురాలు గాజుముక్క. ఎవరినో గుద్ది పారిపోయిన బండి హెడ్‌లైట్ ముక్క రోడ్డు మీద దొరికిందనుకోండి. దాన్ని ఒక నూనెలో వేసి నెమ్మదిగా వేడి చేస్తారు. వేడికి నూనె గుణకం తగ్గుతూ వస్తుంది, గాజుది పెద్దగా మారదు. రెండూ సమానమైన క్షణంలో గాజు అంచు మాయమైపోతుంది. ల్యాబ్‌లలో మన శత్రువైన వేడి ఇక్కడ కొలబద్ద అయింది చూడండి.

కానీ అసలు పాఠం ఇదీ. రోడ్డు మీది ముక్క, అనుమానితుడి బండి గాజు రెండింటి అంకెలూ కలవకపోతే, అవి వేర్వేరు అని గట్టిగా చెప్పొచ్చు. కలిస్తే మాత్రం అవి ఒకే గాజు అని చెప్పలేం. ఒకే ఫ్యాక్టరీ నుంచి అదే అంకెతో వేల గాజులు బయటికొస్తాయి.

నెయ్యి డబ్బాకూ ఇదే వర్తిస్తుంది. రీడింగ్ 42 వచ్చిందంటే అది నెయ్యి అని కాదు, నెయ్యి అయ్యే అవకాశం ఉందని. రీడింగ్ 44 వచ్చిందంటే అమ్మినవాడు దొంగ అని కాదు, ఇంకా లోతుగా చూడాలని. నాంపల్లి క్రిమినల్ కోర్టుల ముందు నుంచి పోయేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. అక్కడికి చేరే ప్రతి ల్యాబ్ రిపోర్టులో ఒక అంకె ఉంటుంది. ఆ అంకె వెనక మూడు ప్రశ్నలుండాలి. ఎంత వేడి దగ్గర తీశారు? దేనితో పోల్చారు? విడదీసి చూశారా, కలిపే చూశారా?

అబ్బే చుక్క నుంచి వాటర్స్ డబ్బా దాకా వందేళ్లలో వెలుగు వంగే తీరు మారలేదు. మారింది మన ఓపిక. తీర్పు చెప్పే ముందు కలిసున్నవాటిని విడదీసి, పక్కన ఒక శుద్ధమైనదాన్ని పెట్టుకుని, చల్లబడేదాకా ఆగి చూడటం నేర్చుకున్నాం. వాట్సాప్‌లో కల్తీ వీడియో చూసి పక్క గల్లీ దుకాణం మీద రాయి వేసే ముందు మనం కూడా ఆ మాత్రం ఆగుదాం.